చేతికి పని, నోటికి చైనీస్

2009 నవంబరులో సింగపూర్‌లో చైనీస్ బోధన కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం మొదలైంది. దాన్ని ప్రారంభిస్తూ లీ క్వాన్ యూ చేసిన ప్రసంగాన్ని పిల్లలకు ఏ భాష నేర్పేవారైనా ఒకసారి చదవాలి. అప్పటికి ఆయనకు 86 ఏళ్లు. 1959 నుంచి 1990 దాకా ప్రధానిగా ఉండి, ప్రతి విద్యార్థీ ఇంగ్లిష్‌తో పాటు తన జాతి భాషను కూడా నేర్చుకుని తీరాలన్న విధానాన్ని పట్టుబట్టి అమలు చేయించిన నాయకుడాయన. ఆ మనిషే ఆ రోజు, మొదలుపెట్టిన దారే తప్పన్నారు. పిల్లల చేత డిక్టేషన్లు రాయించడం, పాఠం బట్టీ పట్టించి చూడకుండా రాయించడం మీద పట్టుబట్టడం పిచ్చితనమన్నారు. పూర్తిగా చైనీస్ బడుల్లో పనిచేసి వచ్చిన ఉపాధ్యాయులు, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలకు ఒక్క ఇంగ్లిష్ ముక్క కూడా వాడకుండా పాఠం చెప్పారని, దాంతో ఆ పిల్లల మనసు భాష మీద నుంచే తిరిగిపోయిందని చెప్పారు.

ఎంతగా తిరిగిపోయిందో జనాభా లెక్కల్లో కనిపిస్తుంది. 2010లో ఐదేళ్లు పైబడిన సింగపూర్ వాసుల్లో 35.6 శాతం మంది ఇంట్లో ఎక్కువగా మాండరిన్ చైనీస్ మాట్లాడేవారు. ఇంగ్లిష్ వాటా 32.3 శాతం. పదేళ్లు తిరిగేసరికి ఇంగ్లిష్ 48.3 శాతానికి ఎగబాకింది, మాండరిన్ 29.9కి పడిపోయింది. ఒకటో తరగతి పిల్లలున్న చైనీస్ కుటుంబాల్లో 71 శాతం ఇంట్లో ప్రధానంగా ఇంగ్లిష్‌లోనే మాట్లాడుతున్నాయని, 20 ఏళ్ల కిందట ఆ సంఖ్య 42 శాతమేనని 2019లో నాటి ప్రధాని లీ సీన్ లూంగ్ చెప్పారు. జనాభాలో నాలుగింట మూడొంతుల మంది చైనా మూలాలవారైన దేశంలో, నాలుగు దశాబ్దాల ప్రభుత్వ ప్రచారం తర్వాత వచ్చిన ఫలితమిది.

పిల్లలకు చైనీస్‌ను పుస్తకంలో కాకుండా పనిలో పెట్టి నేర్పాలన్న మాట ఇప్పుడు సింగపూర్‌లో గట్టిగా వినిపించడానికి ఈ పరిస్థితే కారణం. వంట, బజారు, తోటపని, బొమ్మలాట, కుంచెతో రాత, ఇలా చేతులకు ఏదో ఒక పని చెప్పి, ఆ పనిలో భాషను పలికించాలంటున్నారు. ఆ మాట ముమ్మాటికీ నిజం. అయితే ఏ పని, ఎవరితో, దేనికోసం అన్నవి తేల్చుకోకుండా మొదలుపెడితే అది నూతన సంవత్సర పండగ రోజు ఎర్ర కాగితంతో లాంతర్లు కత్తిరించే కార్యక్రమంగా మిగిలిపోతుంది. కత్తెర చైనీస్ మాట్లాడదు. లాంతరు తయారవుతుంది, పిల్లలంతా ఆ గంటసేపూ ఇంగ్లిష్‌లోనే కబుర్లాడుకుంటారు. ఆ భాష లేకపోతే ముందుకు సాగని పని అయితేనే ఆ పనికి పాఠంగా విలువ ఉంటుంది. నా దృష్టిలో గీటురాయి ఇదొక్కటే.

సింగపూర్ కథలో ఒక విషాదం ఉంది. అది తెలియకపోతే ఈ చర్చ సగమే అర్థమవుతుంది. అక్కడ చైనీస్ కుటుంబాల ఇంటి భాష తొలినాళ్లలో మాండరిన్ కాదు. హొక్కియెన్, తియోచ్యూ, కాంటొనీస్, హక్కా, హైనానీస్ వంటి దక్షిణ చైనా భాషలు. వంటింట్లో, చేపల మార్కెట్లో, గుడి దగ్గర వినిపించేవి అవే. 1979లో గో కెంగ్ స్వీ నివేదిక ఒక కఠిన వాస్తవాన్ని బయటపెట్టింది. బడిలో ఇంగ్లిష్, మాండరిన్ నేర్చుకుంటున్న పిల్లల్లో సుమారు 85 శాతం మంది ఇంట్లో ఆ రెండింటిలో ఏదీ మాట్లాడరు. అదే ఏడాది సెప్టెంబరులో మాండరిన్ మాట్లాడాలన్న ప్రచారోద్యమాన్ని లీ క్వాన్ యూ ప్రారంభించారు. టీవీలో, రేడియోలో ప్రాంతీయ భాషల కార్యక్రమాలను క్రమంగా ఎత్తేశారు. 1987 నాటికి బడులన్నిటా ఇంగ్లిష్ మాధ్యమం స్థిరపడింది. ఇంట్లోంచి హొక్కియెన్ వెళ్లిపోయింది. ఆ ఖాళీలోకి మాండరిన్ వస్తుందనుకున్నారు, కొంతకాలం వచ్చింది కూడా. తర్వాత దాన్ని పక్కకు నెట్టి ఇంగ్లిష్ వచ్చి కూర్చుంది.

ఫలితంగా బిడ్డకు మాండరిన్‌తో ఉన్న పరిచయమంతా పాఠ్యపుస్తకం ద్వారానే అయింది. ఆ భాషలో వాడి మీద ఎవరూ కోప్పడలేదు, వాడికెవరూ అన్నం కలిపి పెట్టలేదు, చిల్లర తక్కువిస్తే ఆ భాషలో ఎవరితోనూ తగాదా పడాల్సిన అవసరం రాలేదు. ఏ భాషకైనా ఇది దెబ్బే. చైనీస్‌కు మాత్రం ఇంకా పెద్ద దెబ్బ. అందుకు కారణం ఆ లిపిలో ఉంది.

వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు పట్టుబడ్డాక మన పిల్లవాడు అర్థం తెలియని మాటనైనా పైకి చదివేస్తాడు. చైనీస్ లిపిలో ఆ సౌకర్యం లేదు. ఒక్కో అక్షరాన్ని దాని రూపం, ఉచ్చారణ, అర్థంతో సహా గుర్తుపెట్టుకోవాలి. చైనాలో 2011 నాటి పాఠ్య ప్రమాణాల ప్రకారం మొదటి రెండు తరగతుల్లోనే సుమారు 1,600 అక్షరాలు గుర్తుపట్టాలి, 800 రాయాలి. ప్రాథమిక విద్య ముగిసేసరికి 3,000 గుర్తుపట్టి, 2,500 రాయగలగాలి. అక్కడి పిల్లలకు ఇది ఎలా సాధ్యమవుతోందంటే, ఆరేళ్ల వయసులో బడికొచ్చేనాటికి వాళ్ల నోట్లో వేల మాటలున్నాయి. తనకు అప్పటికే సొంతమైన మాటకు కొత్తగా ఒక బొమ్మ తగిలించుకోవడమే వాళ్లు చేసే పని. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే సింగపూర్ బిడ్డకు ఆ మాటలు లేవు. రూపం కొత్త, ధ్వని కొత్త, అర్థం కూడా కొత్త. మూడు బరువుల్నీ ఒకేసారి నెత్తిన పెట్టి, తెల్లారి డిక్టేషన్ అన్నారు. బీజింగ్ బిడ్డకు పనికొచ్చిన పద్ధతి ఈ బిడ్డను ఎందుకు కుంగదీసిందో ఇక్కడ అర్థమవుతుంది. కాబట్టి చేతిపనుల ద్వారా నేర్పడమనేది పాఠాన్ని సరదాగా మార్చే చిట్కా కాదు. బీజింగ్ బిడ్డకు ఇల్లూ వీధీ ఉచితంగా ఇచ్చిన మాటల నిధిని ఈ బిడ్డకు బడి సమకూర్చి పెట్టడం.

ఆ నిధిని టీవీతోనో ట్యాబ్‌తోనో సమకూర్చలేమా? ఈ ప్రశ్నకు 2003లోనే ఒక గట్టి జవాబు వచ్చింది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లలకు మాండరిన్ వినిపించింది. కొందరి దగ్గర ఆ భాష మాతృభాషగా ఉన్నవారు నేల మీద కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదువుతూ పన్నెండు విడతలుగా గడిపారు. ఒక్కో విడత 25 నిమిషాలు. ఇంకొందరికి అదే మనుషుల్ని, అవే బొమ్మల్ని వీడియోలో చూపించారు. మరికొందరికి శబ్దం మాత్రమే వినిపించారు. మనుషులతో గడిపిన పిల్లలు మాండరిన్‌కే ప్రత్యేకమైన ధ్వని భేదాన్ని, తైవాన్‌లో ఆ భాష వింటూ పెరిగిన పిల్లలకు దీటుగా పట్టుకున్నారు. వీడియో చూసినవారికి, ఆడియో విన్నవారికి ఏమీ అబ్బలేదు, అసలు మాండరిన్ విననివారితో సమానంగా మిగిలారు. పసిపిల్లలు ధ్వనులను వేరు చేయడం, ఆరేళ్లవాళ్లు భాష నేర్వడం ఒకటి కాదు. అయినా ఎదుట మనిషి ఉండాలన్న సూత్రాన్ని ఆ ప్రయోగం బలంగా నిలబెట్టింది. లక్షలు పోసి తరగతి గదుల్లో తెరలు బిగించే ముందు బడుల యాజమాన్యాలు దాన్ని గుర్తు తెచ్చుకోవాలి.

ఇక ఎదుట మనిషి ఉన్నప్పుడు ఏం జరగాలో చూద్దాం. ఐదారేళ్ల పిల్లల తరగతిలో జ్యావ్‌జ చేయిస్తున్నారనుకోండి. పల్చగా ఒత్తిన పిండి బిళ్లలో క్యాబేజీ కూరో, మాంసపు కూరో పెట్టి అంచులు నొక్కి ఉడికించే వంటకమది. ఉత్తర చైనాలో నూతన సంవత్సరం ముందు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చేసుకుంటారు. చాలా చోట్ల టీచరు ముందే అన్నీ సిద్ధం చేసి, ప్రతి బిడ్డ ముందూ పిండి బిళ్ల, కూర గిన్నె, చెంచా పెట్టేస్తారు. పిల్లలు చక్కగా చేస్తారు, ఫొటోలూ బాగా వస్తాయి. కానీ నోరు తెరవాల్సిన అవసరం ఏ బిడ్డకూ రాదు. అదే పనిని కొంచెం మార్చి చూడండి. పిండి ఒకరి దగ్గర, నీళ్లు మరొకరి దగ్గర, క్యాబేజీ తురుము ఇంకొకరి దగ్గర ఉండాలి. చెంచా టీచరు చేతిలో ఉండాలి. ఇప్పుడు నీళ్లు కావాల్సినవాడు అడగాలి. ఎన్ని గిన్నెలో చెప్పాలి. ఎక్కువైతే చాలనాలి. పిండి జారైపోతే ఇంకొంచెం పిండి కావాలనాలి. ఇంగ్లిష్‌లో అడిగినవాడిని టీచరు మందలించకూడదు. అర్థం కానట్టు చూసి, చైనీస్ మాట అందించి, వాడు దాన్ని పలికాక ఇవ్వాలి. ఒక గంటలో ‘ఇంకొంచెం’ అన్న మాట ఒక్కో బిడ్డ నోట ఎన్నోసార్లు వస్తుంది. అన్నిసార్లూ నిజంగా కావాలనిపించే వస్తుంది. పాఠ్యపుస్తకంలో అదే మాటను పదిసార్లు రాసిన బిడ్డకు, ఇక్కడ పలికిన బిడ్డకు మధ్య తేడా వారం తిరిగేసరికి తెలిసిపోతుంది.

రెండో రోజు చేసే పని మొదటి రోజుకంటే ముఖ్యం. చాలామంది దాన్ని వదిలేస్తారు. నిన్న ఏం చేశామో పిల్లలు ఒక్కో వాక్యం చెబుతుంటే టీచరు పెద్ద కాగితం మీద వాళ్ల ఎదుటే రాయాలి. నీళ్లు పోశాం, పిండి కలిపాం, నాకు మూడు వచ్చాయి, ఒకటి పగిలిపోయింది. ఆ కాగితమే ఆ వారం వాచకం. అందులోని ప్రతి అక్షరం వెనుకా పిల్లలకు ఒక జ్ఞాపకం ఉంటుంది కాబట్టి, రూపం ఒక్కటే కొత్తగా నేర్వాల్సి ఉంటుంది. బీజింగ్ బిడ్డకున్న సౌలభ్యం వీళ్లకూ అందినట్టే.

ఇలా పని చెబుతూ నేర్పడానికి చైనీస్ వ్యాకరణం ఎంతో అనువైనది. ఈ సంగతి గమనించినవారు తక్కువ. మాట విని ఒళ్లు కదిలిస్తూ భాష నేర్వడమనే పద్ధతిని కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో జేమ్స్ ఆషర్ 1960లలో ప్రతిపాదించారు. లే, కూర్చో, తలుపు తియ్, పుస్తకం తే అని చెబుతూ చేయించడం. తెలుగులో అయితే ‘తిను’ అన్న ఆజ్ఞ నేర్చుకున్న బిడ్డ తిన్నాడు, తింటోంది, తినరు అన్న రూపాలను మళ్లీ విడిగా నేర్వాలి. చైనీస్‌లో క్రియారూపం మారదు. ఆజ్ఞలో విన్న మాటే నిన్నటి సంగతికీ రేపటి సంగతికీ, ఆడవారికీ మగవారికీ పనికొస్తుంది. వంటగదిలో పట్టుబడిన ఇరవై క్రియలతో బిడ్డ ఆ రోజే కథ చెప్పగలుగుతాడు.

స్వరాల సంగతి వేరు. అవి కష్టమే. ‘థాంగ్’ అన్న శబ్దాన్ని పైస్థాయిలో సమంగా పలికితే సూపు, కింది నుంచి పైకి లాగితే చక్కెర. ‘మాయ్’ని గొంతు బాగా దించి పలికితే కొనడం, పై నుంచి కిందికి కొట్టినట్టు పలికితే అమ్మడం. నల్లబల్ల మీద గీతలు గీసి స్వరాలు చెబితే పిల్లలకు అదో సంగీత పరీక్షలా ఉంటుంది. తరగతిలోనే చిన్న అంగడి పెట్టి, కొనేవాడు అమ్ముతానంటే దుకాణదారు కూడా తానూ అమ్మడానికే కూర్చున్నానని బదులిస్తే, తప్పు ఎక్కడుందో పిల్లలే పట్టుకుంటారు. సింగపూర్‌లో అసలు బజారు కూడా చేరువలోనే ఉంటుంది. ప్రతి పేటలోనూ తడి నేలల కూరగాయల మార్కెట్, పక్కనే తిండి దుకాణాల సముదాయం ఉంటాయి. ఆ తిండి దుకాణాల సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు దక్కింది. బిడ్డ చేతికి రెండు డాలర్లిచ్చి పాలకూర కొనుక్కురమ్మంటే, దుకాణపు పెద్దావిడ ముందు నోరు విప్పక తప్పదు. ఆమె ఒకటి నుంచి పది దాకా ఒంటిచేత్తో చూపే వేళ్ల లెక్క కూడా అక్కడే వస్తుంది. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. బొటనవేలు, చూపుడువేలు చాపితే ఎనిమిది.

చేపల దుకాణం దగ్గర ఇంకో పాఠం దొరుకుతుంది. చైనీస్‌లో ఏ వస్తువునైనా అంకె చెప్పి ఊరుకుంటే చాలదు, మధ్యలో ఆ వస్తువు తీరును చెప్పే కొలమాట ఒకటి రావాలి. పలుచని బల్లపరుపు వస్తువుకు ఒకటి, పట్టుకోవడానికి పిడి ఉన్నదానికి మరొకటి, పొడుగ్గా సాగినట్టుండే వాటికి ఇంకొకటి. చేప, నది, దారి, లాగు, ఈ నాలుగింటికీ ఒకే కొలమాట. పట్టికలో చూసినవాడికి ఇది అర్థం లేని జాబితా. జారిపోతున్న చేపను రెండు చేతులా పట్టుకున్నవాడికి అది ఏ రకం వస్తువో వివరించనక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయంలో లీ క్వాన్ యూతోనూ, ఆయన మాటను పట్టుకుని చేతిరాతను పూర్తిగా పక్కన పెట్టమంటున్నవారితోనూ నేను ఏకీభవించలేను. చైనీస్ చదవడం, రాయడం ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. బీజింగ్ పిల్లల మీద తాన్ లీహాయ్ బృందం చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఎవరికి రాయడం బాగా వస్తుందో వారికే చదవడమూ బాగా వస్తోందని, ధ్వనులను విడదీసే నేర్పు కంటే ఈ బంధమే బలమైనదని అది తేల్చింది. 2013లో అదే బృందం మరో సంగతి చెప్పింది. అక్షరం రాయకుండా రోమన్ లిపిలో ఉచ్చారణ టైపు చేసి, తెర మీద వచ్చిన అక్షరాన్ని ఎంచుకునే అలవాటు ఎక్కువగా ఉన్న పిల్లల్లో చదివే శక్తి తగ్గి కనిపించింది. తప్పు రాయించడంలో లేదు. బిడ్డ ఎన్నడూ పలకని, ఎన్నడూ అవసరపడని మాటను రాయించడంలో ఉంది. చేతిరాత కూడా చేతిపనే. పలకా బలపం పట్టించే ముందు మన ఇళ్లలో పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టుకుని దిద్దిస్తారు. చైనా నగరాల పార్కుల్లో పొద్దున్నే పెద్దలు మూరెడు కుంచెను నీళ్లలో ముంచి రాతి పలకల మీద నిలువెత్తు అక్షరాలు రాస్తుంటారు. ఎండ తగలగానే అవి ఆరిపోతాయి, మళ్లీ రాస్తారు. బడి ఆవరణలో బకెట్టు నీళ్లు, నాలుగు కుంచెలు ఉంటే చాలు, తప్పు రాస్తానేమోనన్న భయం లేకుండా పిల్లలు భుజం నుంచి చేయి కదిలించి రాస్తారు. ఒక గీత తర్వాత ఏ గీత రావాలో ఆ కదలికలోనే ఒంటబడుతుంది.

అక్షరాలను బొమ్మల కథలుగా చెప్పడం కూడా ఇప్పుడు బాగా ప్రచారంలో ఉంది. చెట్టు బొమ్మ, రెండు చెట్లు కలిస్తే తోపు, మూడు కలిస్తే అడవి. పిల్లలకు భలే నచ్చుతుంది, మొదటి నెలకు మంచిదే. కానీ ఇలా బొమ్మలోంచి పుట్టిన అక్షరాలు చాలా కొద్ది. నూటికి ఎనభైకి పైగా అక్షరాల్లో ఒక భాగం అర్థాన్ని, ఇంకో భాగం ఉచ్చారణను సూచిస్తాయి. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ 9,353 అక్షరాలతో నిఘంటువు కూర్చినప్పుడే ఈ నిర్మాణాన్ని విడమర్చారు. పిల్లల చేతికి కార్డు ముక్కలివ్వండి. ‘చింగ్’ అన్న ధ్వనిని సూచించే ముక్క ఒకటి. దాని ఎడమ పక్కన నీటి మూడు చుక్కలు పెడితే తేట, సూర్యుణ్ని పెడితే మబ్బులేని ఆకాశం, మాటను పెడితే వేడుకోలు, హృదయాన్ని పెడితే భావన. స్వరం మారినా నాలుగింటిలోనూ వినిపించేది చింగే. పక్కపక్కన పేర్చి చూసుకున్న బిడ్డకు లిపిలో ఒక క్రమం ఉందని తెలుస్తుంది. వేల అక్షరాలను ఎవరి దన్నూ లేకుండా మోయాలన్న బెంగ తగ్గుతుంది.

చేసి నేర్చుకోవడం పాశ్చాత్యుల సరుకని, చైనీస్ సంప్రదాయమంటే బట్టీయేనని అనుకునేవారు తావ్ షింగ్‌జీ జీవితం చదవాలి. 1891లో పుట్టిన ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో జాన్ డ్యూయీ దగ్గర చదివారు. తిరిగొచ్చాక గురువు మాటను తలకిందులు చేసి, జీవితమే విద్య, సమాజమే బడి అన్నారు. 1927లో నాన్జింగ్ శివార్లలోని షావ్‌జువాంగ్‌లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల పెట్టి, కాబోయే పంతుళ్ల చేత పొలం దున్నించారు, వంట చేయించారు. నేర్పడం, నేర్వడం, చేయడం మూడూ ఒకటేనన్నది ఆయన సూత్రం. 1930లో ప్రభుత్వం ఆ బడిని మూసేసింది. ఆయన ఆగలేదు. ఉదయం బడిలో నేర్చుకున్న అక్షరాలను పిల్లలు సాయంత్రం అవ్వకూ, ఇరుగుపొరుగుకూ నేర్పే ‘చిన్న పంతుళ్ల’ పద్ధతిని నడిపారు. మన దగ్గర 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీమ్ ప్రతిపాదించినదీ ఆ దశాబ్దంలోనే. చైనా ప్రభుత్వం కూడా 2022 నుంచి శ్రమను విడి పాఠ్యాంశం చేసింది. వారానికి కనీసం ఒక పీరియడ్. చిన్న తరగతుల్లో కూరగాయలు కడగడం, పళ్ల తొక్క తీయడం, ఐదారు తరగతులకొచ్చేసరికి టమాటా కోడిగుడ్డు కూర వండటం వంటివి ఉన్నాయి.

భాషను పనిముట్టుగా మార్చే మరో పెద్ద ప్రయత్నం అమెరికాలోని యూటా రాష్ట్రంలో సాగుతోంది. 2008లో చట్టం చేసి, సగం రోజు ఇంగ్లిష్‌లో, సగం రోజు మరో భాషలో నడిచే తరగతులు మొదలుపెట్టారు. చైనీస్ తరగతులున్న బడుల్లో చిన్న పిల్లలు లెక్కలు, సైన్సు ఆ భాషలోనే నేర్చుకుంటారు. అక్కడ చైనీస్ ఒక సబ్జెక్టు కాదు, కూడికలు చేయడానికి, విత్తనం మొలకెత్తడం చూసి చెప్పడానికి దారి. వారానికొక గంట భాషా పాఠం చెప్పే బడులకు ఇది అందని మేలు.

మన తెలుగు కుటుంబాలకు ఈ చర్చతో నేరుగా సంబంధం ఉంది. సింగపూర్ బడుల్లో తమిళం అధికార భాష కాబట్టి ఉంది. బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూలకూ అవకాశం ఉంది. తెలుగుకు లేదు. అందుకే అక్కడి మన పిల్లలు హిందీయో, తమిళమో, కొందరు చైనీసో ఎంచుకుంటారు. చైనీస్ తీసుకున్న తెలుగు బిడ్డకు ఇంట్లో సాయపడేవారుండరు. ఒక్క అనుకూలత మాత్రం ఉంది. చైనీస్‌ను రోమన్ లిపిలో రాసేటప్పుడు బి, పి అక్షరాలతో సూచించే శబ్దాల మధ్య తేడా మన ప, ఫల మధ్య తేడా వంటిదే. డి, టి అని రాసేవి మన త, థలకు దగ్గర. ఇంట్లో తెలుగు బాగా వినిపిస్తే ఆ చెవి అక్కడా పనికొస్తుంది. ఇటు భారత్‌లో 2020 జాతీయ విద్యా విధానం బడుల్లో నేర్పదగిన విదేశీ భాషలను పేర్కొంటూ, ముసాయిదాలో ఉన్న చైనీస్‌ను తుది ప్రతిలో వదిలేసింది. సరిహద్దు ఉద్రిక్తతలు భాష మీదికి మళ్లడం దూరదృష్టి కాదు. పొరుగుదేశం పత్రికలను ఇంగ్లిష్ అనువాదంలోనే చదువుకునే పరిస్థితి వల్ల మనకు వచ్చే భద్రత ఏమీ లేదు.

సింగపూర్ ఆలస్యంగానైనా కదిలింది. 2014 నుంచి విద్యాశాఖ సొంతంగా నడుపుతున్న కిండర్‌గార్టెన్లలో రోజూ ఒక గంట మాతృభాషకు, అంటే బిడ్డ జాతి భాషకు, కేటాయించారు. ఆటలు, ప్రాజెక్టులే అక్కడ పాఠాలు. 2017 నుంచి ప్రాథమిక విద్య ముగింపు పరీక్షలో మాతృభాష మౌఖికాన్ని చిన్న వీడియో చూపించి దాని మీద మాట్లాడించే తీరుకు మార్చారు. 2019 నుంచి మొదటి రెండు తరగతులకు పరీక్షలు తీసేశారు. ప్రాంతీయ భాషల మీద పట్టు కూడా కొంత సడలింది. వృద్ధులకు ప్రభుత్వ పథకాలు వివరించడానికి 2016లో హొక్కియెన్‌లోనే టీవీ సీరియల్ తీశారు. ఈ సడలింపు బడిలోకీ రావాలి. నానమ్మ హొక్కియెన్‌లో జ్యావ్‌జ చేయించినా బిడ్డకు మేలే. వంటకాల పేర్లు, బంధుత్వాలు, అంకెలు, పండగలు ఎన్నో ఈ భాషలు పంచుకుంటాయి. మాండరిన్ శుద్ధంగా రావాలని ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చైనీస్ గొంతును మౌనంగా కూర్చోబెట్టడం 1979 నాటి పొరపాటును మళ్లీ చేయడమే.

పరీక్షలు లేని ఆ రెండేళ్లను ఎలా వాడుకుంటారన్నదే ఇప్పుడు తేలాలి. అక్కడ ఒకటి, రెండు తరగతుల్లో సుమారు 30 మంది పిల్లలకు ఒక టీచరు. నీళ్లు ఒకరి దగ్గర, పిండి ఇంకొకరి దగ్గర పెట్టి, ఇంగ్లిష్‌లోకి జారిపోయిన ప్రతి బిడ్డకూ మాట అందిస్తూ ఐదు బల్లల మధ్య తిరగడం ఒక్కరి వల్ల కాదు. ఆ పరిస్థితిలో ఎంత మంచి టీచరైనా వర్క్‌షీట్ పంచి ఊరుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం. బల్లకొక పెద్ద మనిషి కావాలి. మాండరిన్ బాగా వచ్చి, పదవీ విరమణ చేసి, పొద్దుపోక ఇంట్లో కూర్చున్నవారు ఆ దేశంలో వేలల్లో ఉన్నారు. కూరగాయల దుకాణాలు కట్టేసినవారు, వంటలు చేసి చేసి తప్పుకున్నవారు ఉన్నారు. వాళ్లకు కొద్దిపాటి శిక్షణ, గౌరవప్రదమైన భత్యం ఇచ్చి వారానికి మూడు పూటలు తరగతి గదికి రప్పించడానికి అయ్యే ఖర్చు, ఆ తల్లిదండ్రులు పై తరగతుల్లో చైనీస్ ట్యూషన్లకు పోసే సొమ్ముతో పోలిస్తే పెద్దదేమీ కాబోదు. విద్యాశాఖ బడ్జెట్లో దానికొక పద్దు తెరవాలి.